పాట చెప్పేవాళ్ళు తట్ట మోయరు

నా పాట వల్ల ఆ పిల్ల పంతొమ్మిది సెకన్లు వెనకబడింది. ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ కాలేజీల్లో తెలుగు చెప్పినవాణ్ణి. నా మాటలకు పిల్లలు నిద్రపోవడం చూశాను గాని, పరుగు తగ్గడం అదే మొదటిసారి.

మొదటి నుంచి చెప్తాను.

మదీనాగూడలో మా అపార్ట్‌మెంటు వెనక పెద్ద ఖాళీ జాగా ఒకటుంది. ఎవరో కట్టబోయి పునాదుల దగ్గరే ఆపేశారు. మా ఆవిడ రాజరాజేశ్వరి పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. ఒక్కడికే కాఫీ కలుపుకోవడానికి ఇంకా చెయ్యి తిరగక, ఆ జాగాలో నడకకు వెళ్ళేవాణ్ణి. ఒకరోజు అక్కడ నేలంతా సున్నంతో గుండ్రంగా గీతలు గీసి ఉన్నాయి. గీత మీద నడవడం సరదాగా ఉంది. సగం చుట్టు నడిచానో లేదో, వెనక నుంచి ఉరిమినట్టు గొంతు.

"సార్, ట్రాక్ ఖాళీ చేయండి. సిపాయిలొస్తాండారు."

వచ్చిన సిపాయిలు ఎనిమిది మంది ఆడపిల్లలు. ఒకరి కాళ్ళకు మంచి బూట్లు, ఇంకొకరికి అన్న బూట్లు, ఇద్దరికి ఏమీ లేవు. ఆ గొంతు రామాంజనేయులు గారిది. అనంతపురం మనిషి. సైన్యంలో మిలిటరీ పోలీసు హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజరు. సైన్యానికి సొంత పోలీసులుంటారనీ, ఎర్ర టోపీ వాళ్ళ గుర్తనీ, అందులోకి ఇప్పుడు ఆడపిల్లల్ని సిపాయిలుగా తీసుకుంటున్నారనీ ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ఆయన కింద గేట్ల దగ్గర పనిచేసే అమ్మాయిలు, వాళ్ళకు తెలిసినవాళ్ళు, అందరూ రాతపరీక్ష గట్టెక్కినవాళ్ళే. వాళ్ళకు ఊరికే పరుగు నేర్పుతున్నాడు.

పరీక్ష ఇదీ: పదహారు వందల మీటర్లు, అంటే ఆ సున్నపు గీత చుట్టూ నాలుగు చుట్లు, ఎనిమిది నిమిషాల్లోపు. దాటితే ఇంటికి.

ఆ ఎనిమిది మందిలో అఖిలకే తొందర. సైన్యంలోకి పిల్లల్ని ఎంచుకునే ర్యాలీ ఈసారి తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది. ఇక ఇంకో ర్యాలీ లేదు. తండ్రి లింగయ్య తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర గార్డు. తల్లి ఈరమ్మ బిల్డింగులకు స్లాబు పోసే కూలి. అఖిలది ఐటీ కంపెనీలో బ్యాగులు చెక్ చేసే డ్యూటీ. ఎందుకమ్మా ఈ మిలిటరీ అని ఒకసారి అడిగాను.

"నా డ్రెస్సు జూసి ఎవ్వలు నిలవడరు సార్. బ్యాగు జూపియ్యుండ్రి అంటె ఫోన్ల మాట్లాడుకుంటనే పోతరు. తెల్వనోళ్ళైతే సరే. రోజు జూసేటోళ్ళు గూడ నా పేరడగలే, రెండేండ్లాయె."

ఆమె మంచి టైము ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు. ర్యాలీకి ఐదు వారాలుంది.

నేను రోజూ అక్కడే తేలుతున్నాను. పునాది గోడ మీద కూర్చుని, ఉస్తాద్ ఇచ్చిన పలకమీద చుట్లు లెక్క రాసేవాణ్ణి. వాళ్ళు రామాంజనేయులు గార్ని ఉస్తాద్ అనే పిలవాలి. అది సైన్యపు పద్ధతి. పరుగుకు ముందు అందరూ చెప్పులూ బూట్లూ విప్పి వరసగా నిలబడి, చిటికెడు మట్టి తీసి నుదుటికి అద్దుకుంటారు. అప్పుడు హాజరు. మొదటి పేరు ఎప్పుడూ ఒకటే.

"సిపాయి చంద్రకళ."

ఆ పేరుగలవాళ్ళు వరసలో లేరు. ఎనిమిది గొంతులూ ఒక్కసారే "హాజర్, ఉస్తాద్" అంటాయి. ఆ తర్వాత ఎవరి పేరుకు వాళ్ళు.

చంద్రకళ ఎవరని టీ బండి దగ్గర అడిగితే ఆయన కథ చెప్పాడు. తొలి బ్యాచి పిల్ల. చివరి పరుగులో అరికాల్లో తుమ్మముల్లు విరిగింది. ఆగలేదు. రక్తపు అడుగులు వేసుకుంటూ అందరికంటే ముందొచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. పది రోజుల తర్వాత అదే కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి వాన కూడా పడుతోంది, పిల్లకు జ్వరం కూడా ఉంది.

"రామాంజనేయులు గారూ, మొన్న ముల్లు ఎడమకాల్లో అన్నారు. ఇవాళ కుడికాలంటున్నారు."

"ముల్లు కదా సార్. లోపల్లోపలే నడిచింటాది."

పట్టుబడి అడిగితే నవ్వేశాడు. "మా ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ సిపాయి భూర్ సింగ్ కథ చెప్పేవాడు సార్. ఆయప్పకీ ముల్లే. మా ఉస్తాద్‌కి వాళ్ళ ఉస్తాద్ చెప్పినప్పుడు ఇంకెవరో. ఆడపిల్లలకి భూర్ సింగ్ ఏం పనికొస్తాడు? చంద్రకళని చేసినా."

"పిల్లలకు తెలిస్తే ఏమనుకుంటారు?"

పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ అఖిల జవాబిచ్చింది. "తెల్సు సార్. మొదటి వారమే ఫోన్ల ఎతికినం. యాడ లేదు."

"మరి హాజర్ అంటారేమమ్మా?"

"అందరం ఒక్కపారి అనేది గదొక్కటే సార్. మిగిలిన పేర్లకు ఎవలిది వాళ్ళే అనాలె. ఒక్కర్తి అనేముందు అందరం కల్సి అంటె, జర ధైర్నమొస్తది."

ఉస్తాద్ టీ గ్లాసులోకి చూశాడు. తెలిసి కూడా తనను ఇన్నాళ్ళూ పట్టివ్వని పిల్లల మంచితనం ఆయనకు అప్పుడే అర్థమైందనుకుంటాను.

పరుగులో పాట పాడించడం కూడా ఆయన పద్ధతే. అయితే అన్నీ బ్యారక్‌లో నేర్చిన హిందీ పాటలు. ఎక్కడో నదులు, ఏవో రైళ్ళు. పిల్లలు అర్థం తెలియకుండా నోరాడించేవాళ్ళు. "మీరు తెలుగు చెప్పినోళ్ళు కదా సార్. చంద్రకళ మీద ఒక పాట రాయండి" అన్నాడు.

ఆ మాటకు నాకు కలిగిన సంబరం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మూడు రోజులు వంట మానేసి పండ్లతో గడిపాను. ఎనిమిది చరణాలు. అంత్యప్రాస ఎక్కడా తప్పలేదు.

"అరుణ కిరీట విరాజితా, అచంచల పద సంచారిణీ,
కంటక పథమున కష్టము గెలిచిన చంద్రకళా జయకారిణీ..."

పిల్లలు రెండు రోజుల్లో కంఠతా పట్టారు. మూడో రోజు పాడుకుంటూ పరుగెత్తారు. పునాది గోడ మీద నేను నిలబడే ఉన్నాను, కూర్చోలేక. మొదటి చుట్టు అద్భుతం. రెండో చుట్టులో "సంచారిణీ" దగ్గర ఇద్దరు దగ్గారు. నాలుగో చుట్టుకు వినబడింది "ణీ" ఒక్కటే.

అఖిల టైము ఎనిమిది ముప్ఫై ఒకటి.

"వాచీలో ఏదో తేడా సార్" అన్నాడు ఉస్తాద్. "నా బూట్లు లూజైనయ్ సార్" అంది స్వప్న అనే అమ్మాయి, అడక్కుండానే. మర్నాడూ అంతే. వారం రోజులు వాళ్ళు గాలిని తప్పుపట్టారు, నేలను తప్పుపట్టారు, రాత్రి తిన్న అన్నాన్ని తప్పుపట్టారు. పాటను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నేను కూడా ఒప్పుకోలేదు. చరణాలు ఎనిమిది మరీ ఎక్కువేమో, ఆరు చేద్దామా అని మాత్రం ఆలోచించాను.

ఎనిమిదో రోజు ఈరమ్మ కూతురికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చింది. పనికి వెళ్ళే దారిలో, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. నాలుగు చుట్లూ నిలబడి చూసింది. పిల్లలు వగర్చుకుంటూ కూలబడ్డాక నా దగ్గరకు వచ్చింది.

"పాట మస్తుంది సార్. గుళ్ళె పాడుకునేటట్టుంది. గని ఊపిరి దీసేతందుకు జాగ యాడుంది?"

ఉస్తాద్ విజిల్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"స్లాబు నాడు మేం ఇరవై మందిమి లైన్ల నిలబడ్తం సార్. తట్టలు చేతులు మారుకుంట పైకి పోతయ్. పొద్దుమూకెదాంక ఆగద్దు. అందరం ఒక్కపారి పాడితె సచ్చిపోతం. ఒక్కతి పాట జెప్తది. సగం మంది జవాబిస్తరు, సగం మంది ఊపిరి దీస్తరు. మల్ల గీ సగం జవాబిస్తరు, గా సగం దీస్తరు. మాటలు గింతంత గింతంతనే ఉండాలె."

"అలాగా" అన్నాను.

"ఇంకోటి. మీ పాటల గా పిల్లకు ముల్లిరిగిందంటరు. ముల్లిరిగితె కూసోని తీస్కోవాలె గని, ఉరుకుడేంది?"

నవ్వు మొదట స్వప్నకు వచ్చింది. తర్వాత అందరికీ. ఉస్తాద్ అటు తిరిగి నిలబడ్డాడు, భుజాలు ఊగుతున్నాయి. నాకూ వచ్చింది. మూడేళ్ళలో అంత పెద్దగా నవ్విన గుర్తు లేదు.

ఆ ఉదయమే, అక్కడే, ఈరమ్మ చెయ్యి ఊపుతూ అడుగుల లెక్క చెప్తుంటే కొత్త పాట కట్టాం. నాలుగడుగులకు ఒక ప్రశ్న, నాలుగడుగులకు ఒక జవాబు. నేనొక మాట అంటే ఆమె చేత్తో తట్టలా పక్కకు నెట్టేసేది, "బరువుంది సార్, ఇంకోటి ఇయ్యుండ్రి" అని.

"ఎర్ర టోపీ ఎవ్వలిదే?"
"నాది నాదీ మనందరిదే."
"ఎండ బాటా ఎవ్వలిదే?"
"దాటిపోయే కాళ్ళదిలే."

"ఎవలు జెప్తరు పాట?" అని అఖిల అడిగింది.

"ఉరికేటోళ్ళు జెప్పొద్దు బిడ్డా. పాట జెప్పేటోళ్ళు తట్ట మొయ్యరు. వాళ్ళకు ఊపిరి మిగలది" అని, ఈరమ్మ నా వైపు చూసింది. "సార్ జెప్తరు."

అలా అరవై ఏడేళ్ళ వయసులో నేను ఆ జాగా మధ్యలో ఇసుక కుప్పెక్కి నిలబడ్డాను. ఎనభై మంది క్లాసులో చివరి బెంచీకి వినిపించిన గొంతు. ఇన్నాళ్ళూ ఇంట్లో దానికి పనిలేదు. "ఎర్ర టోపీ ఎవ్వలిదే" అని ఎత్తుకున్నాను. నలుగురు జవాబిచ్చారు, నలుగురు గాలి పీల్చారు. ఎనిమిది జతల కాళ్ళు ఒకే చప్పుడయ్యాయి. ఆ చప్పుడు ఇసుక కుప్పలోంచి నా పాదాల్లోకి వచ్చింది. రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చెవుల్లోంచి తీగలు పీకి చూశారు. పైన మూడో అంతస్తులో ఎవరో బట్టలారేస్తూ "దాటిపోయే కాళ్ళదిలే" అనేశారు.

అఖిల టైము ఎనిమిది ఆరు. వారం తిరిగేసరికి సరిగ్గా ఎనిమిది నిమిషాలు. ర్యాలీకి నాలుగు రోజుల ముందు ఏడు యాభై ఎనిమిది. ఉస్తాద్ వాచీని మూడుసార్లు చూసి, దాన్ని నా చేతికిచ్చి, నేను కూడా చూశాక, "శభాష్" అన్నాడు. అఖిల నేలమీద వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూసి నవ్వుతోంది.

అంతలోనే పిడుగు. అడ్మిట్ కార్డుల్లో ఎనిమిది మందికీ వేరువేరు రోజులు, వేరువేరు బ్యాచీలు వచ్చాయి. అఖిల ఒక్కతే శుక్రవారం.

"బయటినుంచి ఎవరూ గొంతెత్తకూడదు" అన్నాడు ఉస్తాద్, ముఖ్యంగా నన్ను చూస్తూ. "పరుగెత్తే పిల్లకి బయటివాళ్ళు సాయం చేసినారని అనుకుంటే పక్కన పెట్టేస్తారు. సార్, మీరు నోరు మెదపకూడదు." అఖిలతో, "పాట గేటు బయటే వదిలేసి పో. గడియారం తలకాయలో పెట్టుకో" అన్నాడు.

ఆమె తలూపింది. కానీ పాట లేకుండా పరుగెత్తి చూస్తే మళ్ళీ ఎనిమిది తొమ్మిది.

శుక్రవారం పొద్దున గచ్చిబౌలి స్టేడియం బయట ఫుట్‌పాత్ మీద ముగ్గురం నిలబడ్డాం. ఈరమ్మ కూలి మానేసి వచ్చింది. లింగయ్యకు సెలవు దొరకలేదు. కంచె పొడుగునా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఒకచోట చిరుగుంది. అందులోంచి ట్రాకు చివరి మలుపు మాత్రమే కనిపిస్తుంది, అటు పక్కనున్న ముగింపు గీత కనిపించదు. ఈరమ్మ కింద కన్ను పెట్టింది, నేను పైన. ఉస్తాద్ వాచీ పట్టుకుని, "మీరు చెప్పండి, నేను లెక్క కడతా" అన్నాడు.

విజిల్ వినబడింది. నలభై మంది పిల్లలు మలుపు తిరిగారు. నీలం చొక్కా, నంబరు ముప్ఫై మూడు. ముందు ఐదుగురిలో ఉంది.

"వచ్చింది" అన్నాను.

"పది సెకన్లు ముందుంది. ఇంత వేగం దేనికి? కొత్త పిల్లల్ని చూసి పందెం కడ్తాంది."

రెండో చుట్టు. ముందు ఐదుగురిలో లేదు. గుంపు మధ్యలో ఉంది.

"లెక్కకు సరిగ్గా ఉంది" అన్నాడు ఉస్తాద్, పెదాలు తడుపుకుంటూ.

మూడో చుట్టులో ఆమెను వెతుక్కోవాల్సి వచ్చింది. గుంపు వెనక, తల పక్కకు వాలిపోయి, నోరు గట్టిగా మూసుకుని ఉంది.

"పన్నెండు సెకన్లు వెనక."

ఈరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నా నోట్లో పాట పళ్ళదాకా వచ్చింది. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. కోపంతో కాదు. నేను పెదవి కొరుక్కున్నాను.

అప్పుడు గుడ్డ అవతల, ట్రాకు దూరపు వైపు నుంచి, ఒక్క గొంతు.

"ఎర్ర టోపీ ఎవ్వలిదే?"

జవాబు లేదు. ఎవరిస్తారు, అందరూ కొత్తవాళ్ళు. ఈరమ్మ నుదురు కొట్టుకుంది. "పిచ్చి పిల్ల. ఉరుక్కుంట పాట జెప్తదా. ఊపిరి పాయె."

"ఎర్ర టోపీ ఎవ్వలిదే?" రెండోసారి గొంతు చీలింది. జవాబు కూడా తనే ఇచ్చుకుంది. "నాది నాదీ మనందరిదే."

మూడోసారి ఎత్తుకునేసరికి, జవాబు ఇద్దరిచ్చారు. నాలుగోసారి ఎంతమందో లెక్క తెలియలేదు. వికారాబాద్ పిల్లలో, సంగారెడ్డి పిల్లలో, తలా ఒక యాసలో "మనందరిదే" అంటున్నారు. చెదిరిపోయి వినబడుతున్న అడుగుల చప్పుడు దగ్గరకు చేరడం మొదలైంది. ఆ తర్వాత ఉన్నట్టుండి అఖిల గొంతు ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. ఇంకో గొంతు, సన్నగా, గోదావరి జిల్లాల సాగుతో, ప్రశ్న అందుకుంది.

"ఎర్ర టోపీ ఎవరిదండీ?"

అడుగు తప్పలేదు. లెక్కకు సరిగ్గా సరిపోయింది. ఈరమ్మ చిరుగులోంచి కన్ను తియ్యకుండానే అంది, "ఎవలో తల్లి పాట అందుకున్నది సార్. నా బిడ్డ ఊపిరి దీస్తుంది."

మలుపు తిరిగారు. పదిహేను, ఇరవై మంది ఒక ముద్దగా వస్తున్నారు. మధ్యలో ముప్ఫై మూడు, తల నిటారుగా, నోరు తెరిచి జవాబిస్తోంది. వాళ్ళకు ఒక చివర ఎత్తు తక్కువ పిల్ల ఒకతి, పసుపు చొక్కా, మెడ నరాలు ఉబ్బి ప్రశ్నలడుగుతోంది. రెండు క్షణాల్లో చిరుగు దాటి వెళ్ళిపోయారు.

"టైము?" అన్నాను.

"చెప్పలేను సార్" అన్నాడు ఉస్తాద్. "ఇటో అటో. చెప్పలేను."

పరుగు తప్పినవాళ్ళను వెంటనే పక్క గేటునుంచి బయటకు పంపేస్తారు. నెగ్గినవాళ్ళు లోపలే ఉండి గెంతే పరీక్షలకు వెళ్ళాలి. మేం గేటు దగ్గరకు పరుగెత్తాం. నేను కూడా పరుగే. ఒక్కో పిల్లా బయటికి వస్తోంది. ఎర్ర చొక్కా. తెల్ల చొక్కా. నీలం చొక్కా కనిపించగానే ఈరమ్మ కళ్ళు మూసుకుంది, నంబరు పన్నెండు అని నేను చెప్పాక తెరిచింది. తొమ్మిది మంది, పది మంది. మనవాళ్ళ కోసం గేటు దగ్గర నిలబడి, వాళ్ళు రాకూడదని కోరుకోవడం ఎప్పుడైనా చూశారా. పద్నాలుగో పిల్ల పసుపు చొక్కా.

బయటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఈరమ్మ ముందు గుర్తుపట్టి దగ్గరకు వెళ్ళింది.

"బిడ్డా, పాట అందుకున్నది నువ్వేనా?"

"అవునండి. ఆ నీలం చొక్కా అక్కకి గొంతు పోయిందండి. ఎవరో ఒకరు అడక్కపోతే ఆగిపోతాం కదండీ."

"ఆమె ఏమైంది?" అన్నాడు ఉస్తాద్. ఆ ఉరుము గొంతు గుసగుసయింది.

"లోపలున్నారండి. నాకంటే ముందే గీత దాటారు. ఏడు యాభై ఆరు. నాది ఎనిమిది రెండండి." ముక్కు తుడుచుకుంది. "పర్లేదండి, నాకింకా రెండేళ్ళుంది."

ఈరమ్మ ఆ పిల్ల పక్కనే కూలబడింది. కూతురి కోసం తెచ్చిన డబ్బా మూత తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల మొహమాటపడి, తర్వాత రెండు చేతులతో తినడం మొదలుపెట్టింది. పేరు జయంతి అట. నిజాంపేటలో ఉంటారట. ఉస్తాద్ ఆమె ముందు గొంతుక్కూర్చుని మదీనాగూడ జాగా గుర్తులు చెప్తున్నాడు, బస్సు నంబరుతో సహా. "సోమవారం ఐదున్నరకి. ఆలస్యమైతే పది గుంజీళ్ళు. నీకు పాట చెప్పేదానికి సార్ ఉంటాడు, నువ్వు పరుగెత్తు అంతే."

లోపల గేటు మూశారు. అఖిల రాలేదు. ఈరమ్మ తన ఫోను నా చేతికిస్తే, లింగయ్యకు నేను చేశాను.

"లింగయ్యా, అఖిల పరుగు నెగ్గింది. లోపలే ఉంది."

అటు ఎక్కడో కారు హారన్ వినిపించింది.

"లింగయ్యా, వినబడిందా?"

"ఇనవడ్డది సార్." మళ్ళీ హారన్, ఈసారి రెండు కార్లవి. ఎవరో గేటు తెరవమని కేకేశారు. లింగయ్య వాళ్ళతో అంటున్నాడు, "ఒక్క నిమిషం సార్, మా బిడ్డ సంగతి జెప్తున్నరు." తర్వాత నాతో, "ఎంతల ఉరికిందన్నరు సార్? ఇంకోపారి చెప్పుండ్రి."

"ఏడు యాభై ఆరు" అన్నాను. కార్ల మోత ఎక్కువైంది. ఈసారి క్లాసులో చివరి బెంచీకి చెప్పినట్టు చెప్పాను. "ఏడు నిమిషాల యాభై ఆరు సెకన్లు, లింగయ్యా."